ఆ గుంట మగ్గానిది కాదు

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వచ్చే పెద్ద రోడ్డుకు వెనక, హాస్టళ్ల సందులో, మేం తవ్విన మూడో ట్రెంచ్‌లో బయటపడ్డ గుంట నేత మగ్గానిది కాదు. అది ఒక మోటారు మెకానిక్‌ది. తన చేతులతో తనే తవ్వుకున్నాడు. సవరించిన నివేదికలో "బృందం చేసిన ప్రాథమిక పొరపాటు" అని ఒక వాక్యం ఉంది. బృందం ఏ పొరపాటూ చేయలేదు, నేను చేశాను. అది కూడా ఒకటిన్నర రోజు మాత్రమే పొరపాటు. ఆ తర్వాత ఇరవై రోజులు నాకు నిజం తెలుసు. ఇది ఒప్పుకోవడానికే రాస్తున్నాను. కానీ ఆ ఒకటిన్నర రోజు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వు ఆగదు. సిగ్గుపడుతూనే నవ్వుతాను, ఏం చేయను.

కొత్త రోడ్డు వేసే ముందు ఆ దారిలో నేల కింద పాతకాలపు ఆనవాళ్లేమైనా ఉన్నాయేమో తవ్వి చూసి రాసివ్వడం కొన్ని పనులకు తప్పనిసరి. ఆ పని ఒప్పుకునే ఒక చిన్న సంస్థలో నేను సైటు సూపర్‌వైజర్‌ని. టేపు పట్టుకోవడం, కూలీలను కుదర్చడం, ట్రెంచ్ చుట్టూ రిబ్బన్ కట్టడం, "ఇక్కడేం కడుతున్నరన్నా" అని అడిగే వాళ్లకు రోజుకు నలభైసార్లు జవాబు చెప్పడం నా పని. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసిన గొప్ప వస్తువులు ఇవి: పాత డ్రైనేజీ పైపులు, ఇంకా పాత డ్రైనేజీ పైపులు, ఒకసారి మాసబ్ ట్యాంక్ దగ్గర గేదె దవడ ఎముక. ఆ ఎముక దొరికిన రోజు ఆఫీసులో లడ్డూలు పంచుకున్నాం. మా కరువు అలాంటిది.

అలాంటి నాకు ఆ గుంట దొరికింది.

పాత రోడ్డు పొరలన్నీ తీశాక రెండడుగుల లోతున షాబాదు బండలు కనిపించాయి. మూడు వైపులా నిలువుగా పాతి ఉన్నాయి. మధ్యలో మట్టి, ఇటుక ముక్కలు. పైపైన తీస్తే మోకాలి లోతుకు అడుగు గట్టిగా తగిలింది. ఒక గోడలో చిన్న అర, అరపైన నల్లటి మరక. ఇవతలి బండ అంచు పక్కపక్కనే రెండు చోట్ల అరిగి నున్నగా పల్లం పడి ఉంది.

మాది మగ్గం మీద బతికిన ఇల్లు. నేను నాలుగో తరగతిలో ఉండగా నాయిన ఊళ్లో మగ్గం వదిలి పట్నం వచ్చి అమీర్‌పేటలో ఒక బట్టల కొట్టు ముందు చీరలకు ఫాల్స్ కుట్టే పనిలో చేరాడు. అప్పటిదాకా మా ఇంట్లో సగం గది మగ్గానిదే. గుంట మగ్గం మీద నేసే మనిషి గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేస్తాడు, కింద ఉన్న చెక్కల్ని తొక్కుతాడు. ఏళ్ల తరబడి కూర్చుంటే ఆ అంచు తొడల కింద అరుగుతుంది. అచ్చం ఇలాగే, రెండు పల్లాలుగా.

ట్రెంచ్‌లోకి దిగి ఆ అంచున కూర్చున్నాను. నా రెండు తొడలూ ఆ రెండు పల్లాల్లో కొలత తీసి కుట్టినట్టు కుదిరాయి.

నేను అరిచిన అరుపుకు ఎదురుగా ఉన్న మగపిల్లల హాస్టల్ బాల్కనీలో ఆరేసిన టవల్ ఒకటి కింద పడింది. దాని యజమాని కూడా పడేవాడే, పక్కవాడు పట్టుకున్నాడు.

"మేడం! మగ్గం గుంట మేడం!"

మేడం మా తవ్వకాల నిపుణురాలు. కోస్తా నుంచి వచ్చింది, ముప్పై ఏళ్లుంటాయి, ఎప్పుడూ ఒక్క మాట ఎక్కువ రాయదు. పరుగెత్తుకొచ్చి అడిగింది. "ఖచ్చితంగానా అండి?"

"నేను పుట్టిందే ఇట్లాంటి గుంట పక్కన మేడం. ఇదిగో, ఇది దీపం పెట్టుకునే అర. ఆ నల్లది మసి. నూలు చుట్టిన కండెలు కూడా ఇందులోనే పెట్టుకుంటరు."

ఆమె కళ్లు మెరిశాయి. పంజాగుట్టలో నేతగాళ్లు! అద్దాల షోరూముల కింద, కోచింగ్ సెంటర్ల కింద, మిర్చి బజ్జీల బండి కింద మా వాళ్ల మగ్గాలు! ఆ ఆనందంలో కూలీ ఒకామె మట్టిలోంచి తీసిన ఒక స్పార్క్ ప్లగ్గును నా చేతిలో పెడితే, పైనుంచి జారిపడి ఉంటుందిలే అని జేబులో వేసుకున్నాను. దాన్ని సంచిలో వేసి, చీటీ రాసి, మేడంకు ఇవ్వాలి. పదకొండేళ్లుగా కూలీలకు ఆ పాఠం చెప్పేది నేనే.

నాయినకు ఫోన్ చేశాను. ఎస్.ఆర్. నగర్‌లో మా ఇంటి నుంచి ఆయన పావుగంటలో ఆటో దిగాడు. వెంట మా కులసంఘం పెద్దలిద్దరు, ఒకాయన పొడుగు, ఒకాయన పొట్టి. ఇద్దరూ ఒకప్పుడు నేసినవాళ్లే. ఆటోలోంచి దిగేటప్పటికే ముగ్గురూ పోట్లాడుకుంటున్నారు.

"ఏడున్నదిరా? జరుగుండ్రి, జరుగుండ్రి. నన్ను పట్టుకో."

డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి ధోవతి ఎగ్గట్టి గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేశాడు. తర్వాత పాదాలు కదిలాయి, ఒకటి కిందికి, ఒకటి పైకి. కుడిచెయ్యి గాల్లో లేని తాడును లాగింది, ఎడమచెయ్యి పోగులు బిగించే పలక ఉన్నట్టే ముందుకు గుంజింది. నోటితో "టక్... టక్" అన్నాడు.

"చెయ్యి ఇంకా పైకి పోవాలె," అన్నాడు పొడుగాయన. "తాడు గంత కిందుంటదా?"

"నా మగ్గానికి గంతనే ఉండె."

"నీదొక మగ్గమా? నువ్వు నేసిన చీరెలు కట్టుకున్నోళ్లు ఇంకా తిడుతున్నరు."

"కట్టుకున్నరు గదా! నీ చీరెలైతే కొన్నోడే లేకపాయె."

బాల్కనీల్లో పిల్లలు నిండిపోయారు. జావా క్లాసు ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు చప్పట్లతో టక్ టక్ తాళం వేశారు. "తాతా, జర ఇటు చూడు!" అని ఫోన్లు చాచారు. నాయిన ఇటు చూశాడు, అటు చూశాడు, అడగనివాళ్ల వైపు కూడా చూశాడు. పొట్టాయన జానెడు లెక్కన గుంటను కొలిచి "నూరేండ్ల కింది"దన్నాడు. బజ్జీలు వచ్చాయి. బజ్జీలు అయిపోయేసరికి అది రెండొందల ఏళ్లయింది. సాయంత్రం ఎవరో విలేకరి వచ్చేసరికి మూడొందలు దాటబోయింది గానీ, మేడం చెయ్యి అడ్డుపెట్టింది. ఆమె రాసిన తాత్కాలిక నివేదికలో ఇంతే ఉంది: "చేనేత మగ్గం గుంట. పాతది. మరింత పరిశీలన అవసరం." పేపర్లో మాత్రం రెండొందల ఏళ్లని వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నానికి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ కూడా వచ్చేశాయి. నాయిన గుంటకు బొట్లు పెడుతున్నాడు. మా సంఘం వాళ్లు చుట్టూ నిలబడి ఉన్నారు. అప్పుడు వచ్చాడు మెకానిక్.

సందు మొదట్లో రేకుల షెడ్డు ఆయనది. అరవై ఐదేళ్లుంటాయి, పొట్టి మనిషి, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. మేం తవ్వడం మొదలుపెట్టిన రోజు ఆయన సిద్దిపేట వైపు ఏదో పెళ్లికి వెళ్లాడు. అప్పుడే బస్సు దిగి చేతిసంచితో నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఏందన్నా, మంది గిట్ల జమైన్రు? ఎవలన్న పడ్డరా?"

"పాత మగ్గం గుంట దొరికిందన్నా."

ఆయన జనం సందులోంచి చూశాడు. కళ్లద్దాలు పైకి తోసుకుని మళ్లీ చూశాడు. నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "అన్నా, గది నాది."

"ఏది?"

"గుంట. నేనే తవ్విన. బండలు సుత నేనే మోసుకొచ్చిన."

ఆయన చెప్పిందంతా ఐదు నిమిషాలు పట్టింది. కార్లు వచ్చే రోజుల్లో మనిషి లోతు తవ్వుకుని, పైన కారు నిలబెట్టి, కింద నిలబడి పనిచేసేవాడు. తర్వాత కార్లు పెద్ద షెడ్లకు పోయాయి, స్కూటర్లు మిగిలాయి. స్కూటర్‌కు అంత లోతు అక్కర్లేదని సగం పూడ్చేశాడు. అంచు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వేసి, కళ్ల ముందు బండి పెట్టుకుని ఏళ్ల తరబడి అలాగే పనిచేశాడు. సందుకు సిమెంటు రోడ్డు వేసినప్పుడు గుంట దాని కింద పోయింది, షెడ్డు పది అడుగులు వెనక్కి జరిగింది.

"మరి ఆ అర?"

"స్పానర్లు, బీడీ కట్ట."

"మసి?"

"మసి గాదు భాయ్, ఇంజనాయిలు."

నేను గోడకు చేరబడ్డాను. ఆయన మాత్రం మా నాయిన తన ఇంజనాయిల్ మరకకు కుంకుమ పెట్టడం చూసి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి నా భుజం పట్టుకున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా అమ్మ గిట్లనే బొట్టు పెట్టింది, తవ్విన దినం. మల్ల ఇయ్యాలనే," అన్నాడు. ఆయన నవ్వు అంటుకుని నేనూ నవ్వాను. ఇద్దరం నోళ్లు మూసుకుని, గోడవైపు తిరిగి, బడిపిల్లల్లా ఊగిపోయాం.

నవ్వు తగ్గాక అసలు తప్పు చేశాను.

"అన్నా, జర రెండు దినాలు ఎవరికీ చెప్పకు. సాయంత్రం మా నాయినకు సంఘంల సన్మానం పెట్టిన్రు."

"నాదేం పోతది? ముసలాయన ఖుషీగ ఉన్నడు, ఉండనీ," అన్నాడు మెకానిక్.

ఆయనది పోయేదే ఉంది. అది ఆయనకు తెలియదు. నాకు తెలియాలి.

ఆ రోడ్డు వస్తే ఆ షెడ్డు పోతుంది. అలా చోటు పోయే వాళ్లలో చాలా ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్నట్టు చూపించగలిగిన వాళ్లకు దగ్గరలోనే కట్టే కొత్త దుకాణాల వరుసలో చోటిస్తారు. ఆ సంగతి నా ఫైల్లోనే ఉంది. సాయంత్రం మా నాయిన మెడలో పడ్డ శాలువా చూస్తూ, ఆయన చెప్పిన అబద్ధం కాని అబద్ధాలన్నీ వింటూ, నేను దాని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండు రోజులు వారమయ్యాయి. నాయిన ఫొటో సంఘం వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి, మేం ఎన్నడూ చూడని చుట్టాల నుంచి మళ్లీ మాకే వచ్చింది. ఎలా ఆపను?

మూడో వారంలో జాబితా రాసే అధికారి వచ్చాడు. హాస్టల్ మెట్ల దగ్గర టేబుల్ వేశారు. సందులో పనిచేసే వాళ్లు ఒక్కొక్కరే కాగితాలు చూపిస్తున్నారు. మెకానిక్ దగ్గర కాగితం లేదు. కరెంటు మీటరు హాస్టల్ యజమాని పేర ఉంది.

"మరి నువ్వు ఇక్కడ ఎన్నేండ్ల నుంచి చేస్తున్నవని ఎట్ల రాయాలె?" అన్నాడు అధికారి.

"సాక్ష్యం ఉంది సార్. గా గుంట నాదే."

అధికారి మా నివేదిక తిరగేశాడు. "ఇది మగ్గం గుంట. రెండొందల ఏండ్ల కిందిదని పేపర్ల సుత వచ్చింది. నీ వయసెంత పెద్దమనిషీ?"

వరుసలో ఉన్న వాళ్లంతా ఘొల్లుమన్నారు. మెకానిక్ కూడా నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు చెప్పు జర."

నేను ఫైలు వైపు చూస్తూ అన్నాను. "నివేదిక సంగతి మేడం చూసుకుంటరు."

ఆయన తన చేతిలో ఉన్న నూనె గుడ్డను మడిచి జేబులో పెట్టుకుని షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఆయన పేరు పక్కన అధికారి "ఆధారం లేదు" అని రాశాడు. ఆ అక్షరాలు నాకు తలకిందులుగా కనిపించాయి, అయినా చదవగలిగాను. శనివారం జాబితా మూసేస్తారు. ఆ రోజు సోమవారం.

బుధవారం పొద్దున ఇరానీ హోటల్లో మేడంకు చెప్పాను. స్పార్క్ ప్లగ్గు కూడా టేబుల్ మీద పెట్టాను.

"మీకెప్పుడు తెలిసింది?"

"రెండో రోజు మేడం."

ఆమె చాయ్ కప్పు కింద పెట్టింది. "నేను మీ తొడల్ని నమ్మి సంతకం పెట్టానండి," అంది.

పక్క టేబుల్ ఆయన మా వైపు తిరిగాడు. నాకు నవ్వు రాబోయింది, ఏడుపు కూడా. ఆమెకు రెండూ రాలేదు. "ఇప్పుడు ఆయన మాట మీద రాయమంటారు. మీ మాట మీద రాస్తే ఏమైందో చూశాం కదా. ఈసారి మాటలొద్దు, తవ్వుదాం. గుంట కింది సగం ఇంకా తియ్యలేదు. ఆయనే పూడ్చాడంటున్నారు కాబట్టి, అందులో ఏముందో ఆయనే ముందు చెప్పాలి."

నాయినకు కూడా ఆ పూటే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "మెకానిక్ తవ్విండా? తవ్వనీ. గాయన తవ్వకముందు గాడ ఏముండె? మగ్గమే. కిందికి పోతే దొరుకుతది."

గురువారం పది గంటలకు అందరూ వచ్చారు. అధికారి, నాయిన, సంఘం పెద్దలిద్దరు, మెకానిక్, ఆయన భార్య, బాల్కనీల నిండా పిల్లలు. మెకానిక్ చెప్పింది చెప్పినట్టు మేడం రాసింది, అధికారి కింద సంతకం చేశాడు. పైన హాస్టల్ ఇంటి బాత్రూం గోడ ఇటుకలు. తర్వాత అంబాసిడర్ చక్రం మూత, ఒక పక్క సొట్ట. సైకిల్ చైను. తూర్పు గోడకు మూడు మెట్లు. అడుగున పగిలిన తిరగలి రాయి. "నేను పొట్టోన్ని సార్. కారు అందకపోతుండె. రాయి మీద ఎక్కి నిలవడుతుండె." ఇంకేమైనా ఉందా అని మేడం అడిగితే భార్య వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "మా ఇంటామె స్టీలు గిన్నె మూత. గది రాస్తరా మేడం? నేను పారేయలేదని ముప్పై ఏండ్ల సంది చెప్తున్న."

"రాయాలండి," అంది మేడం.

తవ్వడం మొదలైంది. ఇటుకలు వచ్చాయి, ఒక వైపు నీలం సున్నంతో. బాల్కనీలోంచి "ఒకటీ!" అన్నారు. చక్రం మూత వచ్చింది, సొట్టతో సహా. "రెండూ!" చైను వచ్చింది. మెట్టు వచ్చింది, ఇంకో మెట్టు, మూడో మెట్టు. ప్రతిదానికీ బాల్కనీలు ఊగిపోయాయి. కూలీలు కూడా నవ్వుతూ పారలు ఆపేస్తున్నారు. ప్రతిసారీ మా నాయిన ఒకటే అన్నాడు. "ఇంకా కిందికి పోనియ్యి."

తర్వాత ఒక కూలీ వంగి, మట్టి దులిపి, గుండ్రటి మూత ఒకటి పైకెత్తాడు.

"సూశిన్రా!" మెకానిక్ భార్య గొంతు అమీర్‌పేట మెట్రో దాకా వినిపించి ఉంటుంది. "నేను చెప్పలే? నా పెండ్లి గిన్నె మూత! పక్కింటామె మీద పెట్టిండు తప్పు! ఆమెతోని నేను ఆరేండ్లు మాట్లాడలే!"

అధికారి టేబుల్ మీద తల వాల్చి నవ్వాడు. మెకానిక్ రెండు చేతులూ ఎత్తి భార్యకు దండం పెట్టాడు. నాకు తెలిసి అంత గట్టి పురావస్తు సాక్ష్యం ఈ నగరంలో ఇంకెక్కడా దొరికి ఉండదు.

అడుగున తిరగలి రాయి బయటపడగానే పొడుగాయన ఎగిరాడు. "అగో, పాతది! నేను చెప్పలే?"

"మా అత్తగారిది పెద్దాయనా," అన్నాడు మెకానిక్. "పెండ్లికి ఇచ్చిన్రు. వచ్చెటప్పుడు బస్సు మీదికెల్లి పడ్డది."

రాయి కింద గట్టి నేల, దాని కింద బండ. నాయిన ఇంకాసేపు బండ వైపు చూసి, కూలీ చేతిలోంచి పార తీసుకుని ఒకసారి తట్టాడు. ఖంగుమంది. పార తిరిగి ఇచ్చేశాడు. తర్వాత మెకానిక్ పక్కన గట్టు మీద కూర్చుని అడిగాడు. "కాళ్లు లోపటేసి కూసుంటే నీకు సుత నడుము గీడనే నొప్పి లేస్తుండెనా?"

"గీడ గాదు, జర కిందికి."

"అగో, నాకు సుత గంతనే," అన్నాడు నాయిన సంతోషంగా. ఆ తర్వాత గంటసేపు ఇద్దరూ మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారు. మగ్గం మాట మళ్లీ రాలేదు. నా మాట కూడా. మూడు రోజులు నాయిన నాతో మాట్లాడలేదు.

అధికారి ఆ రోజే జాబితాలో దిద్దాడు. మేడం కొత్త నివేదిక రాసింది: మోటారు మెకానిక్ పని గుంట, ఇటీవలి కాలానిది, పరిరక్షణ అవసరం లేదు. నా పేరు రాసి, తప్పు నాదని రాయమని అడిగాను. నివేదికలో అలా రాయరని ఆఫీసు వాళ్లన్నారు. "బృందం" అని రాశారు. బృందమంటే సంతకం పెట్టిన మనిషి, అంటే మేడం. ఆ తర్వాత రెండు పనులకు ఆమెను పంపలేదు. ఆమె ఒక్కసారి కూడా నా పేరు ఎత్తలేదు. అందుకే ఇదంతా నేనే చెప్తున్నాను. మా సంఘం సంచికలో నాయిన ఫొటో కింద "పంజాగుట్టలో మన పూర్వీకుల మగ్గం" అని ఇంకా ఉంది. అది కూడా తప్పే.

కొత్త దుకాణాల వరుసలో మెకానిక్‌కు చివరిది వచ్చింది. వెళ్లాను. కింద నున్నటి గచ్చు, తవ్వడానికి లేదు. పెయింటు డబ్బా బోర్లించుకుని దానిమీద కూర్చుని స్కూటర్ విప్పుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి, ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటలు మొదలుపెట్టాను. "అన్నా, ఆ రోజు టేబుల్ కాడ నేను..."

"గా హ్యాండిల్ పట్టుకో," అన్నాడు తలెత్తకుండానే. "స్టాండు విరిగింది. ఒరుగుతది."

పట్టుకున్నాను. ఆయన కింద ఏదో తిప్పుతున్నాడు. మళ్లీ నోరు తెరిచాను.

"గట్టిగ పట్టుకో. మాట్లాడితే చెయ్యి వదులైతది."

గళ్ల చొక్కా వేసుకుని వెళ్లాను, పెళ్లిళ్లకు వేసుకునేది. ముంజేతుల దాకా నూనె అయింది. ఇంటర్వెల్ కొట్టినట్టుంది, ఎదురు కోచింగ్ సెంటర్ పిల్లలు బయటికొచ్చి బజ్జీలు తిని మళ్లీ లోపలికి పోయారు. ఆయన ఒక నట్టు బిగించి, ఇంకో నట్టు విప్పి, బండి చుట్టూ నెమ్మదిగా తిరుగుతున్నాడు. వదిలెయ్యమని ఆయన అనలేదు, నేను వదల్లేదు.